ఒకే ఆట, ఊరికో ధర

"మీరు ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యారండీ?" అని ఎవరైనా అడిగితే, "వీడియో గేములకి ధరలు పెట్టేదాన్ని" అని చెబుతాను. చాలామంది, "దానికి కూడా ఒక మనిషి కావాలా?" అంటారు.

కావాలి. ఎందుకు కావాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈమధ్య ఈ ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ గుంటూరు వచ్చారు. పట్టికలు, లెక్కలు అన్నీ నాకంటే బాగా నేర్చుకునే వచ్చారు. ఆ పట్టికకి అవతల ఉండే మనుషుల గురించి మాత్రం వాళ్లకి ఎవరూ చెప్పలేదట. రెండు గంటలు మాట్లాడాను. వెళ్లేటప్పుడు ఒకమ్మాయి, "ఇదంతా రాసిపెట్టండి మేడమ్" అంది. రాస్తున్నాను.

మా ఊరు ప్రత్తిపాడు. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. నేను స్టాటిస్టిక్స్ చదివి, గుంటూరులో ఒక పత్తి విత్తనాల కంపెనీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఏ మండలంలో ప్యాకెట్ ఎంతకి అమ్మాలో చూసే పని. నలభై నాలుగో ఏట హైదరాబాదులో ఒక గేముల కంపెనీలో చేరాను. కంపెనీ అసలు ఆఫీసు యూరప్‌లో. వాళ్లు తయారుచేసిన ఆటలు ఇంటర్నెట్లో అన్ని దేశాలకీ అమ్ముతారు. లారీ ఎక్కించేది లేదు, గోడౌన్ లేదు. అమెరికావాడికీ మన ఒంగోలువాడికీ వెళ్లేది ఒకటే ఫైలు. ధర మాత్రం దేశానికొకటి. మన దేశానికి ఆ ధర పెట్టే కుర్చీలో నేను కూర్చున్నాను. చేరేముందు వీడియో గేమ్ ఒక్కటి కూడా ఆడలేదు. చేరాక ఆ పని నన్ను పట్టుకుంది. ఉదయం లేవగానే నిన్న ఎవరు, ఎక్కడ కొన్నారో చూడాలనిపించేది. రిటైరై ఏడాది దాటినా ఆ దురద తగ్గలేదు.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి వచ్చాయి, రానివి రాలేదు.

డాలరుతో గుణించడం

నా మొదటి ఆట వంతెనల ఆట. ఇద్దరు కూలీలు ఒక బరువు మోసుకుంటూ విరిగిన వంతెనలు దాటాలి. ఒక్కరే ఆడలేరు. ఇద్దరు మనుషులు, రెండు కంప్యూటర్లు, ఒకరి అడుగుతో ఇంకొకరి అడుగు కలవాలి. ఒకరు తొందరపడితే బరువు నదిలో పడుతుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు పక్క సీటు అమ్మాయిని నాలుగుసార్లు నదిలో ముంచాను.

మా ఆఫీసు పెద్ద రంగనాథ్ గారు. లెక్కల్లో దిట్ట. ధర ఎలా పెట్టాలని అడిగాను.

"అమెరికా ధర తీసుకోండి, ఇవాళ్టి డాలరు రేటుతో గుణించండి, చివర తొంభై తొమ్మిది వచ్చేలా సర్దండి. అంతే ప్రమీల గారూ."

నాలుగు వేల చిల్లర వచ్చింది. టైపు చేసి మురిసిపోయాను. నేను పెట్టిన ధర దేశమంతా కనిపిస్తుందని నాన్నకి ఫోన్ చేసి చెప్పాను కూడా.

రెండు నెలల్లో తెలుగు రాష్ట్రాల్లో ఎంతమంది కొన్నారంటే, అందరినీ మా ఆఫీసు లిఫ్టులో రెండు ట్రిప్పుల్లో దించెయ్యొచ్చు.

"మనవాళ్లు కొనరండీ," అన్నారు రంగనాథ్ గారు. "దొంగ కాపీల దేశం. ఆశ పెట్టుకోకండి."

నేనూ నమ్మాను. నమ్మడం సులువు కదా, తప్పు మనమీద ఉండదు.

ఆ తర్వాత సెలవులో ప్రత్తిపాడు వచ్చాను. ఇంట్లో ఇన్వర్టర్ పనిచెయ్యడం లేదని నాన్న ఎలక్ట్రీషియన్ని పిలిచారు. పేరు కోటేశ్వరరావు. ముప్పై దాటిన మనిషి. పత్తి జిన్నింగ్ మిల్లులో పని, మిల్లు లేనప్పుడు ఇళ్లకి వస్తాడు. వైర్లు విప్పుతూ నా ల్యాప్‌టాప్ బ్యాగు మీద బొమ్మ చూశాడు. వంతెన మీద ఇద్దరు కూలీలు.

"మీరు ఈ ఆట కంపెనీలో చేస్తారా అండీ?"

"అవును. నువ్వు ఆడావా?"

"ఆడానండి."

"కొన్నావా?"

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "లేదండి. దొంగదే. అబద్ధం చెప్పను."

నాకు కోపం రాలేదు, కుతూహలం వచ్చింది. కూర్చోమని టీ ఇచ్చి అడిగాను. అతని భార్య రూతు కువైట్లో నర్సు. పెళ్లయిన ఏడాదికే వెళ్లింది. రోజూ ఫోన్ చేసుకుంటారు. కానీ ఫోన్లో ఎంతసేపు మాట్లాడతారు? తిన్నావా, పడుకున్నావా, అమ్మకి మందులు ఇచ్చావా. అక్కడితో అయిపోతుంది. రూతు అక్కడ హాస్టల్లో ఎవరో ఈ ఆట ఆడుతుంటే చూసి, మనిద్దరం ఆడదాం అందట.

"దొంగ కాపీలో నేనొక్కణ్ణే ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పుకోవాలండి. తనతో కలిసి ఆడాలంటే అసలుదే కావాలి. అదీ రెండు. ఎనిమిది వేలు పైన."

"ఎంతైతే కొంటావు?"

తక్కువకి బేరం ఆడతాడనుకున్నాను. అతను నిజంగానే ఆలోచించాడు. టీ అయిపోయేదాకా ఆలోచించాడు.

"ఒక్కోదానికి రెండు రోజుల పని పెట్టొచ్చండి. అంతకి మించితే ఇంట్లో చెప్పుకోలేను."

ఆ మాటతో నా కుర్చీ కిందినుంచి ఎవరో నేలని లాగినట్టయింది. రెండు రోజుల పని. అతను రూపాయల్లో చెప్పలేదు, రోజుల్లో చెప్పాడు. వెంటనే కాగితం తీసుకుని లెక్క వేశాను. మా అసలు ఆఫీసు ఉన్న దేశంలో ఒక ఎలక్ట్రీషియన్ ఈ ఆటని అర్ధరోజు పనితో కొనుక్కుంటాడు. ప్రత్తిపాడులో కోటేశ్వరరావు కొనాలంటే తొమ్మిది రోజులు పనిచెయ్యాలి. అదే ఆట, అవే వంతెనలు. నేను ధర సమానంగా పెట్టాననుకున్నాను. వాళ్లకంటే పద్దెనిమిది రెట్లు పెట్టాను.

అదే కాగితాన్ని ఉత్తరంగా మార్చి యూరప్ ఆఫీసుకి పంపుతానన్నాను. రంగనాథ్ గారు చదివి, "పంపండి. కింద మీ పేరే పెట్టండి, నాది వద్దు" అన్నారు.

సలోమి బోర్డు

అక్కడ ధరల విభాగానికి పెద్ద హెన్రిక్ అనే ఆయన. రెండు వరుసల్లో జవాబిచ్చాడు. ఫిబ్రవరిలో ఇండియా వస్తున్నానని, మీరు రాసినది చూపించమని.

రంగనాథ్ గారు హైదరాబాదులో మాల్స్ అన్నీ చూపించడానికి ఏర్పాట్లు చేశారు. నేను ఒక్కరోజు అడిగి కారు గుంటూరు వైపు తిప్పించాను. మిరప కోతల కాలం. గుంటూరు దాటిన దగ్గర్నుంచి రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు. హెన్రిక్ అద్దం దించి ఫోటో తీసుకోబోయి వరసగా తుమ్మడం మొదలుపెట్టాడు. ప్రత్తిపాడు చేరేదాకా తుమ్ములు ఆగలేదు.

ప్రత్తిపాడులో చర్చి సందు మొదట్లో సలోమి నెట్ సెంటర్ ఉండేది. సలోమి మా చెల్లెలితో చదువుకుంది. భర్త పోయాక ఎనిమిది పాత కంప్యూటర్లు కొని సెంటర్ పెట్టింది. దరఖాస్తులు నింపిపెడుతుంది, హాల్ టికెట్లు తీసిస్తుంది, మిగతా సమయంలో జనం ఆటలు ఆడుకుంటారు. ట్రాక్టర్ డ్రైవర్లు, మిల్లు మనుషులు, డిగ్రీ పిల్లలు.

లోపల గోడకి ఒక నల్లబోర్డు. సుద్దతో గంటకి ఎంతో రాసి ఉంది. ఒకటి కాదు, ఐదు ధరలు. హెన్రిక్ ఆ బోర్డు ముందు ఆగిపోయాడు. చదివి చెప్పమన్నాడు. పొద్దున పదిలోపు పది రూపాయలు. సాయంత్రం ఇరవై. బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్లకి ఐదు. కోతలు అయిపోయాక, వానలు పడేదాకా, ఎవరికైనా ఎప్పుడైనా పది. ఇద్దరు కలిసి వస్తే రెండోవాళ్లకి సగం.

"ఇవి ఎవరు చెప్పారు ఈమెకి?" అని నన్నడిగాడు. నేను సలోమిని అడిగాను.

"ఎవరు చెప్తారక్కా? కుర్చీ ఖాళీగా ఉంటే కరెంటు బిల్లు తగ్గుతుందా? కోతలప్పుడు జనం చేతిలో డబ్బుంటుంది, తీరికుండదు. కోతలయ్యాక తీరికుంటుంది, డబ్బుండదు. అప్పుడు కూడా ఇరవై అంటే ఎవడొస్తాడు?"

తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే నా గొంతు పెరిగిపోతోంది. నేను ఏడు పేజీల్లో రాసింది ఆమె నాలుగు మాటల్లో చెప్పేసింది.

"ఎక్కువ ఇచ్చినవాళ్లకి కోపం రాదా అని అడుగుతున్నాడు," అన్నాను.

సలోమి హెన్రిక్ వైపు తిరిగి, తెలుగులోనే, అతనికి అర్థమవుతుందన్నట్టు చెప్పింది. "దాచిపెట్టి చేస్తే వస్తుంది సార్. అందుకే బోర్డు మీద రాశాను. ఎందుకో అడిగితే చెప్తాను. బుధవారం ఐదు రూపాయలేంటని ఒకడు గొడవపెట్టుకున్నాడు. మీ ఆవిడని పంపించరా, నేర్పుతానన్నాను. పంపించాడు. ఇప్పుడు ఆవిడ మానడం లేదు."

మాతో వచ్చిన రంగనాథ్ గారు గుమ్మం దగ్గర నిలబడి వింటున్నారు. లోపలికి వచ్చి ఒక కుర్చీలో కూర్చుని, "గంటకి నేనెంత ఇవ్వాలమ్మా?" అన్నారు.

"మీకు ఇరవయ్యే సార్," అంది సలోమి.

తిరుగు ప్రయాణంలో హెన్రిక్ ఆ ఐదు ధరలూ ఫోన్లో రాసుకున్నాడు. పెదకాకాని దగ్గర కారు ఆపించి చెరుకురసం తాగాం. అప్పుడన్నాడు, "ఆరు నెలలు. ఒక్క ఆట, ఒక్క దేశం. ధర నువ్వు పెట్టు. ఆరు నెలల్లో ఇప్పటికంటే ఎక్కువ రాబడి రాకపోతే ఈ సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తకూడదు."

ఆరు నెలలు

ఎనిమిది వందల తొంభై తొమ్మిది అని పెట్టాను. కోటేశ్వరరావు రెండు రోజుల పని.

ఉదయం పది గంటలకి ధర మారింది. మా తెరమీద ఎవరైనా కొంటే ఆ ఊరి పేరు పడుతుంది. పదీ ఐదుకి హైదరాబాదు. తర్వాత బెంగుళూరు, పుణె, విశాఖ. అవి ఊహించినవే. పన్నెండు దాటాక చిన్న ఊళ్లు మొదలయ్యాయి. చిలకలూరిపేట. చీరాల. అద్దంకి. నేను ఒక్కో పేరూ పైకి చదువుతున్నాను. ఆఫీసులో అందరూ నా వెనక చేరారు. దర్శి అని పడినప్పుడు, అక్కడి కోడలు ఒకావిడ మా అకౌంట్స్‌లో ఉండేది, ఆమె పరుగెత్తుకొచ్చింది. అప్పటిదాకా ఆ పేర్లు మా తెరమీద ఒక్కసారి కూడా పడలేదు. ఉన్నవాళ్లే, కొనాలనుకున్నవాళ్లే. మేమే గుమ్మం ఎత్తుగా కట్టాం.

సాయంత్రానికి ప్రత్తిపాడు పడింది. రెండు కాపీలు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మూడు నెలలకే పాత రాబడిని దాటాం. దొంగ కాపీల దేశం అన్న మాట రంగనాథ్ గారి నోట మళ్లీ వినలేదు. ఒక శుక్రవారం కోటేశ్వరరావు ఫోన్ చేశాడు. కువైట్లో రూతుకి శుక్రవారం సెలవు. ఉదయం తొమ్మిదికి ఇద్దరూ కూర్చుంటారట. పద్నాలుగో వంతెన దాటామని చెప్పాడు. "తిట్టుకుంటున్నామండి," అన్నాడు. "పెళ్లయ్యాక ఇదే మొదలు తిట్టుకోవడం. చాలా బాగుంది."

నేను వేసిన తాళం

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

నాలుగో నెలలో మన దేశంలో అమ్మకాలు ఉన్నట్టుండి ఎగిరాయి. సంబరపడ్డాను. వారం తర్వాత హెన్రిక్ ఫోన్. ఇక్కడ కొన్న కాపీలు చాలావరకు బయటి దేశాల్లో తెరుచుకుంటున్నాయి. కొందరు వ్యాపారులు ఇక్కడి అడ్రసులు పెట్టి మన ధరకి వందల కాపీలు కొని, ధర ఎక్కువ ఉన్న దేశాల్లో అమ్ముకుంటున్నారు.

"ఇది ఆపలేకపోతే నీ ఆరు నెలలు ఇవాళ్టితో అయిపోతాయి," అన్నాడు.

భయపడ్డాను. ఆ ధర పోతుందన్న భయంలో ఎవరినీ అడగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నానికల్లా ఒక నిబంధన రాసి పంపాను. ఇండియా ధరకి కొన్న కాపీ ఇండియాలోనే తెరుచుకోవాలి. బయట తెరిస్తే తెరమీద ఒక వాక్యం వస్తుంది. ఆ వాక్యం కూడా నేనే రాశాను: "ఈ ప్రతి మీ ప్రాంతంలో చెల్లదు."

గంటలో ఒప్పుకున్నారు. రెండు రోజుల్లో తాళం పడింది. వ్యాపారులు మాయమయ్యారు. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

తర్వాతి సోమవారం పదకొండు గంటలకి రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది, గుంటూరు నుంచి ఎవరో వచ్చారని. కోటేశ్వరరావు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఒక కవరు పట్టుకుని నిలబడ్డాడు. కవర్లో రెండు కాపీలు కొన్న రసీదుల ప్రింట్లు.

"మేడమ్, డబ్బులు కట్టే కొన్నామండి. చూడండి. మొన్న శుక్రవారం రూతుకి తెరుచుకోలేదు. చెల్లదని వచ్చింది. తను కొనలేదా, దొంగదా అని హాస్టల్లో అందరూ అడిగారట. చర్చి పాటల బృందంలో ఉంటుందండి తను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు."

ఆ రసీదులు చూడకుండానే అక్కడున్న సోఫాలో కూర్చుండిపోయాను. నాకు ఆ ఇద్దరి సంగతీ తెలుసు. రూతు కువైట్లో ఉంటుందని తెలుసు. తెలిసీ, వ్యాపారుల్ని పట్టుకోవాలన్న ఆత్రంలో ఆమె ఒకతి ఉందన్న సంగతే తలకి రాలేదు.

అతని ఫోన్ నుంచే రూతుకి ఫోన్ చేశాం. నేను ఎవరో చెప్పాను. ఆమె అన్న మొదటి మాట ఇది: "అక్కా, నేనేం తప్పు చేశానో చెప్పండి. దిద్దుకుంటాను."

"నువ్వేం చెయ్యలేదమ్మా. నేను చేశాను," అన్నాను.

"మూడు వంతెనలే మిగిలాయి అక్కా," అంది.

లోపలికి వెళ్లి రంగనాథ్ గారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు, కానీ అలవాటైన మాటే వచ్చింది. "ఒక్క నర్సు కోసం తాళం తీసేస్తామా ప్రమీల గారూ?"

"ఒక్కరేనా అని చూద్దాం సార్," అన్నాను.

ఇద్దరం కూర్చుని తాళం పడ్డ అకౌంట్లు ఒక్కొక్కటీ తెరిచాం. వ్యాపారుల కాపీలు చూడగానే తెలిసిపోతున్నాయి. కొన్న గంటలోనే ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్లిపోయాయి, ఇక్కడివాళ్లెవరితోనూ ఒక్కసారి కూడా ఆడలేదు. మిగతావి వేరు. ఓడల్లో పనిచేసేవాళ్లు, గల్ఫ్‌లో తాపీమేస్త్రీలు, చదువుకెళ్లిన చెల్లెళ్లు. అందరూ వారం వారం ఇక్కడున్న ఒకే మనిషితో ఆడుతున్నారు. పేజీలు తిప్పుతున్నకొద్దీ వస్తూనే ఉన్నారు. సాయంత్రం ఐదుకి రంగనాథ్ గారు కళ్లజోడు తీసేసి, "చాలండీ, ఇక చూపించకండి. తాళం తీయించండి," అన్నారు.

ఆ తేడానే కొత్త నిబంధనగా రాశాను. ఇక్కడ కొన్న మనిషి తన అకౌంట్లో పాత పరిచయం ఉన్నవాళ్లకి కొద్ది కాపీలు ఇవ్వొచ్చు, అవి ప్రపంచంలో ఎక్కడైనా తెరుచుకుంటాయి. పరిచయం లేనివాళ్లకి వెళ్లిన కాపీ తెరుచుకోదు. ఉత్తరం మొదటి వాక్యం, "తాళం తప్పు నాది." ఆ వాక్యం తీసెయ్యమన్నారు రంగనాథ్ గారు, కంపెనీల్లో అలా రాయకూడదని. ఉంచాను. ఆయన ఒక నిమిషం చూసి, కింద నా పేరు పక్కన తన పేరు కూడా టైపు చేశారు.

హెన్రిక్ తిట్టలేదు. ఎన్ని రోజులు కావాలని మాత్రం అడిగాడు. పది రోజులు పట్టింది. తాళం పడ్డ ప్రతి ఒక్కరికీ క్షమించమని ఉత్తరం వెళ్లింది. కోటేశ్వరరావు దంపతులకి ఇంకో శుక్రవారం కూడా పోయింది.

మూడో శుక్రవారం ఉదయం తొమ్మిదింపావుకి ఫోన్ మోగింది. "తెరుచుకుందండీ," అన్నాడు. అతని వెనక, కంప్యూటర్ స్పీకర్లోంచి, రూతు గొంతు గట్టిగా వినిపిస్తోంది. "ఫోన్ పక్కన పడెయ్యి. ఎడమకి పట్టుకో, ఎడమకి, జారిపోతోంది. ఎవరితో ఆ ముచ్చట్లు?"

ఫోన్ పెట్టెయ్యమన్నాను. నా ఉద్యోగం మొత్తంలో నన్ను అంతగా గాల్లో తేల్చిన తిట్టు ఇంకొకటి లేదు.

పెద్దల దగ్గర నేర్చుకున్నవి

రంగనాథ్ గారిని పైన కొంచెం తక్కువ చేసి రాశానేమో. ఆయన దగ్గరే ఒక ముఖ్యమైన సంగతి నేర్చుకున్నాను. ఒక పండక్కి ఆట ధర సగానికి తగ్గించమని పైనుంచి చెప్పారు. నేను సిద్ధమవుతుంటే ఆయన, "నిన్న పూర్తి ధరకి కొన్నవాడికి ఇవాళ ఏం చెబుతారు?" అని అడిగారు. రెండు వారాల లోపు కొన్నవాళ్లందరికీ తేడా వెనక్కి ఇచ్చే ఏర్పాటు చేసేదాకా ఆయన సంతకం పెట్టలేదు. పైవాళ్లు గొణిగారు. కానీ తర్వాతి ఆట వచ్చినప్పుడు, ఆ తేడా అందుకున్నవాళ్లే మొదటిరోజు కొన్నారు.

హెన్రిక్ మంచి అధికారే, ఆరు నెలలు అయ్యాక కూడా ఆ ధర అలాగే ఉంచాడు, కానీ ఒక విషయంలో చివరిదాకా మారలేదు. తక్కువ ధరని "పేద దేశాల ధర" అనేవాడు. నేను ప్రతిసారీ దిద్దేదాన్ని. అది జాలితో ఇచ్చేది కాదు, దానిమీద కంపెనీ బాగానే సంపాదించింది. కొత్తగా ఈ పనిలో చేరేవాళ్లు కొనేవాళ్లని బీదవాళ్లుగా ఊహించుకోకండి. అలా ఊహించుకుంటే నాసిరకం ఆట అంటగట్టడం, జవాబులు ఆలస్యంగా ఇవ్వడం వెనకే వస్తాయి. నేను చూశాను.

డాలరుతో గుణించే పని ఇప్పుడు కంప్యూటర్ చేస్తుంది, మనకంటే తొందరగా. ఆ పని దానికి వదిలెయ్యండి. మీరు వెళ్లి ఎవరితోనైనా టీ తాగండి.

విదేశం అంటే ఏ ఊరు?

రిటైరై గుంటూరులో స్థిరపడ్డాక ఈ పని అయిపోయిందనుకున్నాను. పోయిన ఏడాది నస్రీన్, అనూష అని ఇద్దరు నా దగ్గరకి వచ్చారు. పాతికేళ్ల పైవాళ్లు. ఒకామె బొమ్మలు గీస్తుంది, ఇంకొకామె ప్రోగ్రాములు రాస్తుంది. ఇక్కడే అరండల్‌పేటలో మేడమీద గది తీసుకుని, చేస్తున్న ఉద్యోగాలు మానేసి, మూడేళ్లు కూర్చుని ఒక ఆట తయారుచేశారు. ఒక ముసలావిడ పాత జీపు నడుపుతూ, వాన వచ్చేలోపు ఊరూరూ తిరిగి మిరప బస్తాలు, మా వైపు టిక్కీలంటాం, ఎత్తుకుని గోడౌన్‌కి చేర్చాలి. ఆడి చూశాను. మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను.

ఇన్నాళ్లూ బయట తయారైన ఆటలకి మన ఊళ్లో ధర పెట్టాను. ఇప్పుడు మన ఊరి ఆట బయటికి వెళుతోంది. నాకు కాళ్లు నేలమీద ఆగలేదు.

"ధరలు అనుకున్నామండి," అంది నస్రీన్. "ఇండియాకి మూడు వందలు. విదేశాలకి పదిహేను వందలు."

"విదేశం అంటే ఏ ఊరు?" అన్నాను.

అనూష కాగితం మీద విదేశాలు అన్న మాట కొట్టేసింది.

మూడు వారాలు పనిచేశాం. ఒక్కో దేశంలో ఆటలు ఆడేవాళ్లని ఇంటర్నెట్లో వెతికి పట్టుకుని ఉత్తరాలు రాశాం. అక్కడ బస్సు డ్రైవరుకి, టీచరుకి రోజు పనికి ఎంత వస్తుంది, సాయంత్రం సరదాకి ఎంత పెడతారు. బ్రెజిల్ నుంచి ఒక బేకరీ ఆయన రెండు పేజీలు రాశాడు. టర్కీ నుంచి ఒక టీచరు తన ఊళ్లో టీ ధర నుంచి మొదలుపెట్టింది. అనూష అన్నీ గోడకి అంటించింది. నలభై దేశాలకి ధరలు వేశాం.

ఆట విడుదలైన ఉదయం ముగ్గురం ఆ గదిలో ఉన్నాం. మొదట హైదరాబాదు, తర్వాత చెన్నై, ఆ తర్వాత పోలండ్. అనూష చప్పట్లు కొట్టింది. నాలుగో రోజు ఒక ఉత్తరం వచ్చింది. మంగోలియా నుంచి, ఒక ఉన్ని మిల్లులో పనిచేసే అమ్మాయి. ఆట బాగుందని, జీపు వాళ్ల నాన్న జీపులాగే శబ్దం చేస్తోందని రాసింది. తను కొనడానికి మూడు రోజుల జీతం అయిందని, మిల్లులో ఇంకా చాలామంది ఆడాలనుకుంటున్నారు కానీ కొనలేరని చివర్లో రాసింది. నిష్ఠూరంగా రాయలేదు. ఉన్నమాట రాసింది.

గోడమీద వెతికాం. మంగోలియా లేదు. మేం రాసుకోని దేశాలన్నిటికీ అమెరికా ధరే వెళ్లిపోయింది. ఇంత అనుభవం ఉందని చెప్పుకునే నేను పక్కనే కూర్చుని ఉండగా.

నస్రీన్ మొహం వాడిపోయింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మొదటి రోజు ఉద్యోగంలో ఉన్నట్టనిపించింది. ఆ అమ్మాయికే జవాబు రాశాం, ఎంతైతే సబబో నువ్వే చెప్పమని. గంటలో చెప్పింది. మధ్యాహ్నం ధర మార్చాం, ఆమెకి తేడా వెనక్కి పంపాం, మిగిలిన దేశాల జాబితా తెచ్చి గోడమీద ఇంకో వరస అంటించాం.

సాయంత్రం ఐదు దాటాక తెరమీద మంగోలియాలోని ఒక ఊరి పేరు పడింది. కాసేపటికి మళ్లీ అదే ఊరు. తర్వాత వెంటవెంటనే మూడు. ఆ మిల్లు షిఫ్ట్ దిగినట్టుంది. ఏడు గంటలయ్యేసరికి పదకొండు కాపీలు. ఆ పేరు ఎలా పలకాలో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. అయినా కొత్తది పడ్డ ప్రతిసారీ ముగ్గురం మూడు రకాలుగా పైకి చదువుతూనే ఉన్నాం.